సాయమ్మ విడిచిన పులుపు

గచ్చిబౌలిలో అద్దాల మేడల ఎదురుగా, రోడ్డు వారన, సాయమ్మ తోపుడుబండి ఉండేది. అన్నం, పప్పు, ఒక వేపుడు, పచ్చిపులుసు. ఆ మేడలు కట్టే మేస్త్రీలు, కాపలా కాసే సెక్యూరిటీ వాళ్ళు, తుడిచే ఆడవాళ్ళు అక్కడే తినేవాళ్ళు. మెడలో కార్డులు వేలాడేసుకున్న పిల్లలు కూడా కంపెనీ క్యాంటీన్ మీద విసుగు పుట్టి అప్పుడప్పుడు వచ్చేవాళ్ళు. పప్పు మామూలే. పచ్చిపులుసు మాత్రం మామూలుది కాదు. కాల్చిన మిరపకాయలు, చేత్తో నలిపిన ఉల్లిగడ్డ, వేయించి దంచిన నువ్వులు, చిక్కటి చింతపండు రసం. ఒకసారి తిన్నవాడు రెండోసారి గిన్నె చాపకుండా లేవడు.

అంత బాగా చేసిన మనిషి దాన్ని ఒక్క చుక్క నోట పెట్టదు. చింతపండు రసాన్ని రెండు వేళ్ళ మధ్య రాసి చూస్తుంది, గిన్నె మీదికి వంగి వాసన చూస్తుంది, "ఇగ సాలు" అంటుంది. ఉప్పు సరిపోయిందా లేదా అన్నది కోడలు రజిత తిని చెప్పాలి. ఎందుకమ్మా ఇదంతా అని అడిగితే, "మొక్కు" అని ఒక్క మాట చెప్పి గరిటె తిప్పుకుంటుంది.

నా పేరు వసంత. చందానగర్‌లో పుట్టాను, అక్కడే పెరిగాను. రక్తం తీయడం నా ఉద్యోగం. నాకు కోపం ఎక్కువని మా ఇంట్లో అంటారు. శుద్ధ అబద్ధం. నాకు మొండివాళ్ళ మీదే కోపం. సాయమ్మను మించిన మొండి మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. అందుకే ఆమె గురించి రాయకుండా ఉండలేకపోతున్నాను.

అది రెండు వేల పదకొండు. మాధాపూర్‌లో ఒక పరిశోధన సంస్థవాళ్ళు అరవై దాటినవాళ్ళ రక్తంలో విటమిన్లు ఎంతున్నాయో చూసే పని పెట్టుకున్నారు. సి, ఇ, ఎ, ఈ మూడూ ముఖ్యం. మా పెద్ద డాక్టర్ యజ్ఞనారాయణ గారు. గుంటూరు మనిషి, మెత్తటి మాట. "ఇనుముకు తుప్పు పట్టినట్టే వయసు మీద పడ్డాక మన లోపల కూడా కాస్త కాస్త పాడవుతూ ఉంటుందండి. ఈ విటమిన్లు ఆ తుప్పును అడ్డుకుంటాయి" అని ప్రతివాళ్ళకీ ఓపిగ్గా చెప్పేవారు. నేను ఐసు పెట్టె భుజాన వేసుకుని హఫీజ్‌పేట, చందానగర్, గచ్చిబౌలి బస్తీలన్నీ తిరిగేదాన్ని. తీసిన రక్తం గొట్టానికి వెలుతురు తగలకుండా వెండికాగితం చుట్టి వెంటనే ఐసులో పెట్టాలి. లేకపోతే అందులోని విటమిన్ సి మన కళ్ళ ముందే పాడైపోతుంది.

ఆ తిరుగుడులో నాకు అర్థమైంది ఒకటే. ముసలితనంలో మనిషి ముందు తన పళ్ళెంలోనే చిక్కిపోతాడు. పళ్ళు ఊడతాయి, జామకాయ కొరకడం మానేస్తారు. కూర కొడుక్కి, పండు మనవడికి అంటారు. చివరికి ఇంత అన్నం, ఇంత చారు. "నాకెందుకు బిడ్డా ఇప్పుడు" అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండేది. నీకెందుకంటే, నువ్వింకా బతికే ఉన్నావు కాబట్టి! ఎంతమంది మీద అరిచానో లెక్కలేదు.

సాయమ్మకు అప్పుడు అరవై ఆరు. హఫీజ్‌పేట ఆమె సొంతూరు. ఆ ఊరి చేలల్లో కూలికి పోయిన మనిషి, ఆ చేలు మేడలైపోతే మేడల ముందు బండి పెట్టుకుంది. కొడుకు స్వామి ఒక కంపెనీకి కారు నడుపుతాడు. జులైలో ఒకరోజు బండి దగ్గరే ఆమె రక్తం తీశాను. చెయ్యి చాపిందో లేదో నాకు అనుమానం వచ్చింది. మోచేతి దగ్గర నల్లటి కమిలిన మచ్చలు. ఎవరూ కొట్టలేదట, ఊరికే వస్తున్నాయట. నోరు తెరవమంటే చిగుళ్ళు వాచి ఎర్రగా ఉన్నాయి. చీర కాస్త ఎత్తితే పిక్క మీద పుండు. బండి రేకు గీసుకుపోయి రెండు నెలలు దాటిందట, ఇంకా మానలేదు.

"షుగరున్నదా అవ్వా?"

"చక్కెరా? చాయ్‌ల ఏసుకునే చక్కెర తప్ప నాకాడ ఏ చక్కెర లేదు" అంది. పరీక్షలోనూ షుగర్ లేదనే వచ్చింది.

విటమిన్ సి మాత్రం దాదాపు సున్నా. డాక్టర్ గారు కాగితం చూసి, "ఇంత తక్కువ ఉండదు వసంత గారూ, గొట్టం ఎండలో గానీ పెట్టారా?" అన్నారు. నాకు చిర్రెత్తింది. నా పని నాకు రాదా? మళ్ళీ పోయి, మళ్ళీ తీసి, వెండికాగితం రెండు చుట్లు చుట్టి తెచ్చి ఆయన బల్ల మీద పెట్టాను. మళ్ళీ అంతే వచ్చింది. ఆయన ముఖం మారిపోయింది. "ఇది ఇలాగే వదిలేస్తే ఆ పుండు మానదు. కాలు తీసేసేదాకా వస్తుంది. పదండి, నేనే వస్తాను" అన్నారు.

ఇద్దరం వెళ్ళాం. అందరికీ పంచే మా రంగుల కాగితాన్ని ఆమెకు చదివి వినిపించాను. నిమ్మకాయ, నారింజ, బత్తాయి, ఉసిరి, టమాటా, పుంటికూర, అదే గోంగూర.

సాయమ్మ అన్నం వడ్డిస్తూనే వింది. చివరికి నవ్వింది. "నేను ఇడిసిపెట్టినయన్నీ ఒక్కటి తప్పకుండ రాసినవు కద బిడ్డా. ఎవరు చెప్పిన్రు నీకు?"

అప్పుడు బయటపడింది. తెలంగాణ వచ్చేదాకా పుల్లటిది ఏదీ ముట్టనని మొక్కుకుంది. అప్పట్లో చాలామందికి అలాంటి మొక్కులుండేవి. ఒకాయన గడ్డం తీయించుకోలేదు, ఒకాయన చెప్పులు తొడగలేదు. సాయమ్మ పులుపు విడిచింది. విడిచిందంటే మామూలుగా కాదు. పెరుగు కూడా కమ్మగా ఉంటేనే తినేది. ఆకుకూరలైతే పూర్తిగా మానేసింది. "పులుపు లేని ఆకుకూర గడ్డి లెక్కుంటది, ఎట్ల తినాలె?" అంది. అలా ఏడాదిన్నరగా అన్నం, ముద్దపప్పు, కారం. అంతే ఆమె తిండి.

డాక్టర్ గారు సంచి తెరిచారు. "మాత్రలున్నాయి కదండీ. మొక్కూ పోదు, కాలూ పోదు" అని చప్పరించే మాత్ర ఒకటి ఇచ్చారు. సాయమ్మ నాలుక మీద పెట్టుకుంది. మరుక్షణం థూ అని ఉమ్మేసి, కడవ దగ్గరికి పోయి నోరు పుక్కిలించింది.

"పుల్లగున్నది! మొక్కు చెడగొడుతున్నవా సారూ?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మర్నాడు గొట్టం మాత్రలు, అవే క్యాప్సూల్స్, పట్టుకుపోయాను. "ఇవి నాలుకకు తగలవు. నీళ్ళతో మింగుడే. పులుపు తెల్వనే తెల్వదు" అన్నాను. ఆమె ఒకటి తీసుకుంది, గోటితో ఆ గొట్టం విప్పింది, లోపలి పొడిని అరచేతిలో పోసి వాసన చూసింది. నాకు చూపించింది.

"ఇది పులుపు కాదా?"

"పులుపే. కానీ నోటికి తెల్వదు కద అవ్వా."

"నోటికి తెల్వకుంటె నాకు తెల్వదా? పైన తియ్యటి పొర ఏసి లోపల ఇంకోటి పెడితే మింగాల్నా? గట్లనే కద వాళ్లు మాకు మింగబెట్టింది. తొమ్మిదో తారీకు ఇస్తమన్నరు. పటాకులు కాల్చినం, మిఠాయి పంచినం. ఇరవైమూడుకు మాట మార్చిన్రు. మళ్ల నువ్వు గదే పని జేస్తవా నాతోని?"

తెలంగాణ ఇస్తామని ఢిల్లీవాళ్ళు చెప్పి వెనక్కి పోయిన రెండు వేల తొమ్మిది డిసెంబరు సంగతి అది. ఆ రెండు వారాల సంబరమూ, ఆ తర్వాతి దెబ్బా తెలియనివాళ్ళు మా వైపు ఎవరూ లేరు. అయినా నేను ఊరుకోలేదు. "కాలు పోతది అవ్వా! దేవునికి మొక్కితే తలెంట్రుకలిస్తరు, కోడినిస్తరు. కాలిస్తరా ఎవరన్న? అసలు పులుపే ఎందుకు ఇడిసిపెట్టినవు? చక్కెర ఇడిసిపెట్టరాదా?" అని అరిచాను. బండి చుట్టూ తింటున్నవాళ్ళు చేతులు ఆపి చూశారు.

సాయమ్మ కోపం చెయ్యలేదు. నన్ను పక్కన పీట మీద కూర్చోబెట్టింది. చాలా మెల్లగా చెప్పింది.

"నాకొక తమ్ముడుండె బిడ్డా. నర్సయ్య. అరవైతొమ్మిదిల తెలంగాణ లొల్లి అయినప్పుడు పంతొమ్మిదేండ్ల పోరడు. పట్నంల సదువుకుంటుండె. పచ్చిపులుసంటె పానం. ఆ పొద్దు నేనే కలిపి పెట్టిన. సగం తిన్నడు. బయట దోస్తులు పిలిచిన్రు. చెయ్యి కడుక్కోకుండనే లేసిండు. 'అక్కా, నా పళ్ళెం తీసిపెట్టు, వచ్చి తింట' అన్నడు." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "తీసిపెట్టిన. కాల్పులల్ల పోయిండు. పళ్ళెం గట్లనే ఉండె. వాసన వస్తుందని మా అమ్మ పారబోస్తుంటె నేను కొట్లాడిన. మొన్న ఇరవైమూడో తారీకు గూడ నా చేతిల పచ్చిపులుసు అన్నమే ఉన్నది. టీవీల మాట మారిందని చెప్పిన్రు. ముద్ద గొంతు దిగలే. అప్పుడన్న. తెలంగాణ వచ్చిందాక పుల్లటిది ముట్ట అని. వాడు పానమిచ్చిన తెలంగాణ రాకముందు నేనొక్కదాన్నే ఎట్ల తినాలె?"

నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దాంతో కోపం ఇంకా పెరిగింది. ఎవరి మీదో తెలియదు. ఐసు పెట్టె ఎత్తుకుని వచ్చేశాను.

ఇంట్లోవాళ్ళు మాత్రం ఎన్నాళ్ళు చూస్తూ ఊరుకుంటారు? తల్లి కుంటుతూ బండి తోస్తుంటే స్వామికి నిద్ర పట్టేది కాదు. ఒకరోజు మొగుడూ పెళ్ళాం కూడబలుక్కుని ముద్దపప్పులో నిమ్మకాయ పిండారు. కొంచెమే. బెల్లం వేసి కప్పిపుచ్చారు. పచ్చిపులుసును వాసనతో తూచే మనిషి దగ్గరా ఆ ఆటలు? మొదటి ముద్ద పెదాల దాకా వచ్చి ఆగింది. పళ్ళెం పక్కకు జరిపింది. ఒక్క తిట్టు తిట్టలేదు. ఆ రోజంతా, మర్నాడంతా పచ్చి మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు. బండి మాత్రం మామూలుగానే పెట్టింది, అందరికీ వడ్డించింది. రజిత కాళ్ళ మీద పడి ఏడ్చింది.

"కాలు పోతె కట్టె పట్టుకుంట బిడ్డా" అంది కోడలితో. "మాట పోతె ఏం పట్టుకోవాలె?"

ఈ సంగతి తెలిసిన రోజు నేను నేరుగా డాక్టర్ గారి గదిలోకి పోయాను. తలుపు కూడా కొట్టలేదు. "సార్, మీకు పులుపు తప్ప వేరే తెల్వదా? పుల్లగా లేనిదాంట్లో మీ విటమిన్ ఉంటే ఉన్నదని చెప్పండి, లేకుంటే లేదని చెప్పండి. ఆమె మారదు. ఇగ మనమే మారాలె" అన్నాను. ఉద్యోగం పోతుందేమోనన్న భయం ఆ తర్వాత వేసింది.

ఆయన నా వైపు చూసి, నుదురు కొట్టుకున్నారు. "అయ్యో, పులుపు వేరు, విటమిన్ వేరు కదండీ. చింతపండులో అసలు పెద్దగా ఉండనే ఉండదు. మన కాగితం మీద అన్నీ పుల్లటివే వేసి, మనమూ దానికే అలవాటు పడిపోయాం. బొప్పాయిలో ఉంది. సీతాఫలంలో ఉంది. మునగాకు, పచ్చిమిరపకాయ. కాకరకాయలో ఎంత ఉందో!"

"కాకరకాయనా?"

"కాకరకాయేనండి. ఎక్కువసేపు ఉడికించకుండా ఉంటే చాలు."

ఆ మధ్యాహ్నమే బండి దగ్గరికి ఉరికాను. సాయమ్మ అంతా విని, "మొక్కుల తీపి పేరు లేదు. చేదు పేరూ లేదు" అని తేల్చింది. నా గుండె కుదుటపడింది. కానీ నిమ్మకాయ సంగతి తర్వాత ఆమెకు ఇంట్లో ఎవరి మీదా నమ్మకం లేదు. రజిత బొప్పాయి కోసి పెడితే, "ముందుగాల వసంత తినాలె. పుల్లగుంటె చెప్తది. అది ఒర్రుతది గని అబద్ధమాడదు" అంది. అలా నేను ఆమెకు రుచి చూసే మనిషినయ్యాను. రక్తం తీసే పని మీద ఎటు తిరిగినా మధ్యాహ్నానికి గచ్చిబౌలి చేరాలి, బొప్పాయి ముక్క తినాలి, "తియ్యగనే ఉన్నది అవ్వా" అనాలి. పుల్లటి వాసన తగిలిన ముక్క నాకే. నాకు బొప్పాయి అంటే మొదటినుంచీ పడదు. ఎవరికి చెప్పుకోను?

కాకరకాయ మాత్రం ఆమె ఎవరి చేత రుచి చూపించలేదు. మన ఇళ్ళలో కాకరకాయ అంటే చింతపండు పులుసు పోయాలి, బెల్లం వెయ్యాలి, అప్పటికిగాని గొంతు దిగదు. సాయమ్మకు చింతపండు లేదు కదా. సన్నగా తరిగి, ఉప్పూ పచ్చిమిర్చీ వేసి, రెండు నిమిషాలు పెనం మీద తిప్పి దించేసేది. పళ్ళు సరిగ్గా లేని నోటితో ఎడమ దవడ వైపు తోసుకుని, మెల్లగా, పచ్చిచేదును నమిలేది. చుట్టూ తినేవాళ్ళు ఆమెను చూస్తూ ముఖాలు చిట్లించేవాళ్ళు.

"చేదు లేదా అవ్వా?" అన్నాడొక మేస్త్రీ.

"ఉన్నది. ఉంటె ఏంది? చేదు తింట, పులుపు ముట్ట" అంది.

నేనొక ముక్క నోట్లో వేసుకున్నాను. ఆ చేదు సాయంత్రం దాకా వదల్లేదు. ఆమె రోజూ తినేది. సీతాఫలాలు వచ్చాక కాస్త తేలికైంది. ఆ గుజ్జుకు పళ్ళ అవసరం లేదు కాబట్టి ఒక్కో తొన నోట్లో పెట్టుకుని గింజలు ఉమ్ముతూ కూర్చునేది. మునగాకు పప్పులో వేసుకునేది. వినాయక చవితి వచ్చేసరికి చిగుళ్ళ వాపు తగ్గింది. చేతుల మీద కొత్త మచ్చలు రాలేదు. పిక్క మీద పుండు అంచులు దగ్గరికి రావడం మొదలైంది. నేను కట్టు విప్పి చూసిన ప్రతిసారీ ఆమె నా ముఖమే చూసేది. నేను నవ్వితే తనూ నవ్వేది.

సెప్టెంబరులో సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు ఆగిపోయాయి, ఆఫీసులు మూతపడ్డాయి. సాయమ్మ బండిని గచ్చిబౌలిలో వదిలేసి, చందానగర్ దగ్గర బొంబాయి రోడ్డు మీద వంటావార్పుకు పోయింది. రోడ్డు మధ్యలో రాళ్ళు పెట్టి, పొయ్యి వెలిగించి, పెద్ద గుండిగ నిండా పచ్చిపులుసు కలిపింది. రోడ్డు మీద కూర్చున్న జనమంతా తిన్నారు. ఆమె మాత్రం ఒక పక్కన కూర్చుని కాకరకాయ నమిలింది. కుంటు పూర్తిగా పోలేదు, అయినా ఇంటికి పొమ్మంటే వినలేదు.

రెండో విడత రక్తం తీయాల్సిన రోజు వచ్చింది. ఆ నెల చివర్లోనే రైల్‌రోకో. నేను హఫీజ్‌పేటలో వాళ్ళింటికి పోతే తాళం. పక్కింటామె స్టేషన్ వైపు వేలు చూపించింది. పోయి చూస్తే పట్టాల మీద ఆడవాళ్ళు వరసగా కూర్చుని బతుకమ్మ పాటలు పాడుతున్నారు. మధ్యలో సాయమ్మ. మానీ మానని కాలు రాళ్ళ మీద చాపుకుని ఉంది.

"ఇంటికి రా అవ్వా, రక్తం తీయాలె."

"నేను లేవ. నీకు కావాల్నంటె ఈడనే తీసుకో."

ఎండ. వెండికాగితం తీశాను. ఐసు పెట్టె పట్టా పక్కన పెట్టాను. ఆమె చెయ్యి చాపింది. పక్కనున్నామె కొంగు పట్టి నీడ చేసింది. సూది దిగిందో లేదో పోలీసులు వచ్చారు. అందరినీ లేపి వ్యానెక్కిస్తున్నారు. లింగయ్య అనే కానిస్టేబుల్ మా దగ్గరికి వచ్చి సాయమ్మ రెండో రెక్క పట్టుకోబోయాడు.

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. "చెయ్యి తియ్యండి! సూది నరంలో ఉన్నది. మీరు గుంజితే ఆమెకేమన్నా అయితే మీదే పూచీ!" అని అరిచాను. అతను ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. గొట్టం నిండింది. నిండినా నేను సూది తీయలేదు. ఇంకో గొట్టం పెట్టాను. ఇంకోటి పెట్టాను. అతను మమ్మల్ని చూశాడు, గొట్టాన్ని చూశాడు. మీసాల కింద నవ్వాడు.

"ఎంతసేపు తీస్తవమ్మా?"

"పరీక్షలు చాలా ఉన్నయి."

"సరే, తీయి. నేను ఆ చివర నుంచి లేపుకుంట వస్త" అని పోయాడు. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు పగలబడి నవ్వారు. ఆ రోజు హఫీజ్‌పేట పట్టాల మీద చిట్టచివరగా లేచింది సాయమ్మే. అప్పటికే వ్యాన్లు నిండి వెళ్ళిపోయాయి.

ఇక ఆ రక్తం మాధాపూర్ చేరేదెట్లా? రైలు లేదు, బస్సు లేదు, ఆటో లేదు. ఐసు కరుగుతోంది. ఫోన్ చేస్తే డాక్టర్ గారే తన స్కూటర్ వేసుకుని బయలుదేరారు. స్టేషన్ దగ్గర కుర్రవాళ్ళు ఆపేశారు. నోరు తెరిచి "కొంచెం పనుందండీ" అనగానే వాళ్ళకు ఆయన ఏ వైపువాడో తెలిసిపోయింది. "జై తెలంగాణ అను, పోనిస్తం" అన్నారు. ఆయన తల దించుకుని నిలబడ్డారు.

సాయమ్మ కుంటుకుంటూ అక్కడికి పోయింది. "ఇడువున్రి ఆయనను. నా డాక్టరు. నా నెత్తురు తీసుకపోతుండు."

"ఒక్కసారి అనమను అవ్వా, ఏం పోతది?"

"అనొద్దు!" అని గద్దించింది. "మనసుల లేని మాట నోటితోని అనిపిస్తరా? గసుంటి మాటల్తోనే కద మనం ఆగమైంది. పోనియ్యున్రి."

కుర్రవాళ్ళు దారి ఇచ్చారు. డాక్టర్ గారు ఐసు పెట్టె ముందు పెట్టుకుని, ఆమెకు చేతులెత్తి దణ్ణం పెట్టి పోయారు. ఆ తర్వాత ఎన్నోసార్లు ఆ సంగతి నాతో చెప్పారు.

ఫలితం వచ్చింది. విటమిన్ సి ఆ వయసులో ఉండాల్సినంత ఉంది. నేను తిరిగిన బస్తీల్లో మాత్రలు మింగినవాళ్ళలో కూడా కొందరికి అంత లేదు. నేను కాగితం పట్టుకుపోయి బండి ముందు అందరికీ వినపడేలా చదివాను. సాయమ్మ చీర ఎత్తి పిక్క చూపించింది. పుండు మూసుకుపోయి కొత్త చర్మం గులాబీరంగులో మెరుస్తోంది. "పులుపు చుక్క ముట్టలే!" అంది గట్టిగా, అద్దాల మేడల వైపు తిరిగి. ఆమె గెలిచిందని నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను.

తర్వాత రెండేళ్ళకు పైగా అలాగే గడిచింది. ఆమె కాకరకాయ మానలేదు, నేను రుచి చూడటం మానలేదు. రెండు వేల పద్నాలుగు ఫిబ్రవరిలో ఢిల్లీలో బిల్లు పాసైంది. హఫీజ్‌పేట అంతా రంగులు చల్లుకుంది. స్వామి ఉసిరికాయలు తెచ్చాడు, రజిత పచ్చిపులుసు కలిపింది, నేను నా డ్యూటీ ఎగ్గొట్టి వెళ్ళాను.

"ఇంక రాలే" అంది సాయమ్మ.

"వచ్చింది అవ్వా, పాసైంది!"

"కాయితం మీద పాసైంది. ఒకసారి పటాకులు కాల్చి మోసపోయిన. వచ్చిన్నాడు తింట."

నాకు మళ్ళీ అరవాలనిపించింది. అరవలేదు. రాష్ట్రం ఏర్పడే జూన్ రెండు దాకా ఆగాం.

ఆ పొద్దున ఊళ్ళో జెండా ఎగిరింది. బాజాలు మోగాయి. సాయమ్మ స్నానం చేసి, కొత్త చీర కట్టి, బండి గచ్చిబౌలికి తోయించింది. పచ్చిపులుసు తనే కలిపింది. మేస్త్రీలు, సెక్యూరిటీ వాళ్ళు, కార్డుల పిల్లలు, డాక్టర్ యజ్ఞనారాయణ గారు, మేమంతా చుట్టూ నిలబడ్డాం. ఎవరూ ముందు తినలేదు.

ఆమె పీట మీద కూర్చుంది. పళ్ళెంలో అన్నం పెట్టుకుంది. నిండా కాదు, సగమే. పచ్చిపులుసు పోసుకుని కలిపింది. ముద్ద ఎత్తింది. నోట్లో పెట్టుకోగానే ముఖమంతా ముడతలు పడింది, కళ్ళు గట్టిగా మూసుకుంది. నాలుగున్నర ఏళ్ళ తర్వాత ఆ పులుపు నాలుకకు తగిలింది. చెంపల మీదికి నీళ్ళు కారిపోయాయి.

"ఇన్నేండ్ల సంది ఉప్పు తక్కువున్నా సాలంటున్నవా రజితా" అంది నములుతూ. అందరూ నవ్వారు. నేను నవ్వబోయి ఏడ్చేశాను.

ఆమె ఇంకేం అనలేదు. ముద్ద తర్వాత ముద్ద తింది. చివరి మెతుకు దాకా వేలితో తుడిచి తింది. నేను ఇంకొంచెం వడ్డించబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"సాలు బిడ్డా. వాడు ఇడిసిపోయిన సగమే ఇది" అంది. లేచి కడవ దగ్గర పళ్ళెం శుభ్రంగా కడిగింది. బండి మీద బోర్లించింది. "ఇగ తీసిపెట్టేదేం లేదు" అని గరిటె అందుకుంది. "రాండ్రి, కూసోండ్రి, ఎవరెవరు తింటరు?"